సుగుణ మేడం అతికించిన కాగితం ముక్క

ముందే చెబుతున్నాను, నేను ఐదో తరగతి దాకానే చదివాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ తప్పుతాయో నాకే తెలియదు. కానీ ఈ పొద్దున మల్లాపూర్‌లో ఒక కుట్టు మిషన్ విప్పగానే పాత ఆయిల్ వాసన ముక్కుకు తగిలింది. సుగుణ మేడం గుర్తొచ్చారు. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలనిపించింది.

నాచారంలో నేను బట్టలు కుట్టే కంపెనీ మూతపడింది. మా ఆయన నడుం నొప్పితో మంచం మీద ఉన్నాడు. నాకు పని దొరక్కపోతే పిల్లలిద్దరినీ బడి మాన్పించాల్సిందే. ఉప్పల్‌లో ఉద్యోగాలకు దారి చూపే ఆఫీసు ఒకటి ఉందంటే వెళ్ళాను. చదువు తక్కువని రాస్తే ఊడ్చే పని తప్ప ఇంకేమీ చెప్పరని పక్కింటి అక్క భయపెట్టింది. అందుకే ఫారంలో ‘పది పాస్’ అని రాశాను.

అక్కడ ఫారాలు చూసేది సుగుణ మేడం. కోస్తా నుంచి వచ్చినామె. కళ్ళజోడు పైనుంచి చూసి, “సర్టిఫికెట్ తెచ్చావా అమ్మా?” అన్నారు. “లేదు మేడం. అబద్ధం రాసిన. ఐదే సదివిన” అని ఏడ్చేశాను. తిడతారనుకున్నాను. ఆమె ఫారం పక్కన పెట్టి, “సరేలే. కంపెనీలో మిషన్ ఆగిపోతే ఏం చేసేదానివి?” అని అడిగారు.

“మెకానిక్ వచ్చేసరికి పొద్దు పోతది మేడం. నేనే ఇప్పి సూస్కునేదాన్ని.”

“నీదొక్కటేనా?”

“లైన్ల అందరియి నేనే జేసేదాన్ని. గదేం పని మేడం!”

“అదే పనమ్మా! ఇన్నేళ్ళు చేసి, పని కాదంటావేంటి?” అని నవ్వారు. ఫారంలో ఆ మాట రాయడానికి గడి లేదు. మేడం తెల్ల కాగితం ముక్క చింపి, గమ్‌తో కింద అతికించి, ‘చేతికి వచ్చిన పని’ అని పైన రాశారు. నేను చెప్పిందంతా అందులో రాసుకున్నారు. ‘పది పాస్’ను మాత్రం నాతోనే కొట్టేయించి, పక్కన ‘ఐదు’ అని రాయించారు. తర్వాత మల్లాపూర్‌లో ఒక యజమానికి ఫోన్ చేసి, “కాగితం చూడొద్దండి. ఆగిపోయిన మిషన్ ఇచ్చి చూడండి” అన్నారు.

మర్నాడు వెళ్ళాను. సూపర్‌వైజర్ నన్ను చూసి, “ఏందక్కా, స్క్రూడ్రైవర్ ఏ దిక్కు పట్టాల్నో ఎరుకేనా?” అని నవ్వాడు. “నువ్వు దారం ఎక్కియ్యి తమ్మీ, పట్టుడు నేను సూపిస్త” అన్నాను. ఆ మిషన్‌కు కుట్టు తప్పుతోంది. అప్పటికే ఇద్దరు కింది భాగమంతా విప్పి బిగించారట. నేను ముందు సూది చూశాను. తిప్పి పెట్టారు! సరిగా పెట్టి తొక్కితే కుట్టు గీత గీసినట్టు వచ్చింది. “రేపటి సంది రా అక్కా” అన్నాడు, ఈసారి నవ్వకుండా. ఆయిల్ చేతులతోనే ఉప్పల్ వెళ్ళి చెప్పాను. “కడుక్కోకుండా వచ్చావేంటే పిచ్చిదానా” అంటూనే మేడం నా చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత ఆమె అందరి ఫారాలకూ అలాగే ముక్క అతికించేవారు. పై ఆఫీసరు అడిగితే, “ఈ గడి లేకపోతే వీళ్ళలో సగంమంది మనకు కనబడరండి” అన్నారట. చివరికి కొత్త ఫారాల్లో ఆ గడి అచ్చయి వచ్చింది. మేడం రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. ఇప్పుడు శనివారాలు నేను ఆ ఉప్పల్ ఆఫీసులో కూర్చుని, రాయలేనివాళ్ళకు ఆ గడి నింపుతాను. మొన్న ఒకామె, “నాకేం రాదక్కా, ఇంట్లనే ఉంట” అంది. “మరి ఇంట్ల ఏదన్న కరాబైతే ఎవర్ని పిలుస్తరు?” అన్నాను. “నన్నే” అంది.

ఆ గడి నింపీ నింపీ నాకు ఈ మాత్రం రాయడం వచ్చింది. ఇందులో తప్పులు కనబడితే మన్నించండి. కొట్టేసి, పక్కన సరైనది రాసుకోండి. మేడం నాతో చేయించింది కూడా అదే.