స్టార్టయ్యే బండి తుక్కు కాదు

మా అక్క భర్త, నాకు బావ, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగ విరమణ చేసినవారు, గత నెల కన్నుమూశారని విచారంతో తెలియజేస్తున్నాను. ఆయనకు భార్య ఉన్నారు. ఆమెతోపాటు ఒక పాత పెట్రోలు కారు, దాన్ని తొయ్యడంలో తగిన తర్ఫీదు పొందిన ఒక వీధి కూడా ఉన్నాయి.

ఆ కారు ఉదయం పూట స్టార్టయ్యేది కాదనడం సత్యదూరం. అయ్యేది, కాకపోతే ముందు విచారణ జరగాలి. బావ బానెట్ ఎత్తగానే పాలప్యాకెట్ల కోసం బయల్దేరినవాళ్లు ఆగి, తలా ఒక తీర్పు చెప్పేవారు. అందరి తీర్పూ ఒకటే: బండి పాతదైపోయింది. బావ ఆ తీర్పును రోజూ కొట్టివేసేవారు.

"పాతదవడం రోగం కాదు బావ," అని, బావమరిదినైన నన్నూ బావనే చేసి, నాతో అనేవారు, వాళ్లకు వినపడేలా. "దానికేటందట్లేదో అది సూడాల. కరెంటా, పెట్రోలా, గాలా. నాలుగోది నేదు."

ఆయన దర్యాప్తులో ఊహకు చోటు లేదు. తాళం తిప్పితే ఏ చప్పుడూ రాకపోతే బ్యాటరీ దగ్గరికి వెళ్లాలి. సముద్రపు గాలికి మా ఊళ్లో బ్యాటరీ కొనల మీద తెల్లటి పొడి పూస్తుంది. వేడినీళ్లు పోసి, తోమి, బిగించాలి. ఇంజన్ తిరుగుతూ కూడా అందుకోకపోతే ప్లగ్గు విప్పాలి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు నిర్దోషి. నిప్పురవ్వ పుట్టడం లేదు. ఒకసారి ద్వారకా నగర్‌లో, వెనకాల సిటీ బస్సు హారన్ మోగిస్తుండగా, ఆయన ప్లగ్గు విప్పి నా ముక్కు దగ్గర పెట్టి సాక్ష్యం చెప్పమన్నారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి, నడిరోడ్డు మీద ఇదేటని అడిగాడు. బావ అతనికి కూడా వాసన చూపించారు. అతను కాసేపు ఆలోచించి, తడిగానే ఉందని ధ్రువీకరించాడు. బస్సు డ్రైవరు హారన్ ఆపి, ఫలితం కోసం వేచి ఉన్నాడు.

ఆయన నిబంధనల్లో నాకు కొరుకుడుపడనిది మౌనం. చల్లబడిన ఇంజన్‌కి గాలి తగ్గించి పెట్రోలు పెంచే చోక్ పిడి బయటికి లాగి ఉంచాలి. అది నిలవదు కనుక అక్క బట్టల క్లిప్పు ఒకటి దానికి డెప్యుటేషన్ మీద వెళ్లింది, తిరిగి రాలేదు. దీనిపై అక్క ఏళ్ల తరబడి అభ్యంతరం తెలుపుతూ వచ్చింది. ఇక తొందరపడి యాక్సిలరేటర్ పెడల్ పదేపదే తొక్కితే పెట్రోలు ఎక్కువై ఇంజన్ మునిగిపోతుంది. అప్పుడు చోక్ లోపలికి నెట్టి, కాలు తీసి, అందరూ ఊరుకోవాలి. ఆ తరువాత పెడల్ ఒకేసారి పూర్తిగా తొక్కిపట్టి తాళం తిప్పాలి.

"దాని మానాన దాన్నొగ్గెయ్ బావ," అనేవారు. "సాయం సేత్తన్నాం అనుకుంటాం. ముంచేత్తన్నాం."

చివరి రోజుల్లో ఆసుపత్రిలో యువ వైద్యుడొకడు బావ ఆయాసానికి కారణం వయసేనన్నాడు. బావ ముక్కు దగ్గరి గొట్టం సర్దుకున్నారు.

"వయసు రోగం కాదు డాక్టరుగారూ. ఏటందట్లేదో సూడండి."

వైద్యుడు మంచివాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, గుండె పంపు చెయ్యడం తగ్గిపోయిందని వివరంగా చెప్పాడు. బావ ముఖం విప్పారింది. నావైపు తిరిగి, "అదీ. పంపు. అలాగ సెప్పాల," అన్నారు. ఆ పంపుకు విడిభాగం దొరకలేదు. అయినా కారణం తెలిసిన మనిషి కనుక, ఏ ఫిర్యాదూ లేకుండా వెళ్లారు.

వీధి సంక్షేమ సంఘం సంతాప సభ జరిపింది. మౌనం పాటిస్తుండగా మైకు కూసింది, ఎవరిదో ఫోను పాట పాడింది. పెద్దకర్మ అయ్యాక సంఘం అధ్యక్షుడు, అక్కకు భారం తగ్గించాలన్న సద్భావంతో, కారు కోసం తుక్కు వ్యాపారిని పిలిపించారు. అక్క గుమ్మంలో నిలబడి ఒకే షరతు పెట్టింది.

"స్టార్టయితే బండి, అవకపోతే తుక్కు. మీ బావ మాట. ఎక్కు తమ్ముడూ."

ఇంతకాలం తోపుడు విభాగంలో ఉన్న నేను డ్రైవరు సీటుకు పదోన్నతి పొందాను. తాళం తిప్పాను, చప్పుడు లేదు. దిగి, బ్యాటరీకి వేడినీళ్ల ఉపచారం చేశాను. క్లిప్పుతో చోక్ బిగించి మళ్లీ తిప్పితే ఇంజన్ తిరిగింది, అందుకోలేదు. వ్యాపారి లాగుడు గొలుసు విప్పడం మొదలుపెట్టాడు. అది చూసి నేను పెడల్ దబదబా తొక్కేశాను. పెట్రోలు వాసన వీధంతా కమ్ముకుంది.

అక్క వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, క్లిప్పు తీసి, చోక్ లోపలికి నెట్టింది. "కాలు తియ్. ముంచేసినావు. ఊరుకో."

అందరూ ఊరుకున్నారు. సభలో అమలు కాని మౌనం ఇక్కడ సంపూర్ణంగా అమలైంది. అధ్యక్షుడు చేతులు కట్టుకున్నారు. వ్యాపారి సైతం గొలుసు చప్పుడు కాకుండా గుండెలకు ఆనించి పట్టుకున్నాడు.

"ఇప్పుడు," అంది అక్క.

పూర్తిగా తొక్కి తాళం తిప్పాను. ఇంజన్ దగ్గింది, తడబడింది, అందుకుంది. నల్లటి పొగ అధ్యక్షుడి తెల్లచొక్కాను పరామర్శించి పైకి పోయింది. వ్యాపారి మంచి బండేనని ఒప్పుకుని, గొలుసు చుట్టుకుని సెలవు తీసుకున్నాడు.

క్లిప్పు అక్క చేతిలోనే ఉంది. ఇన్నేళ్ల అభ్యంతరం నెగ్గింది కనుక అది ఇక దండెం ఎక్కుతుందనుకున్నాను. ఆమె దాన్ని కాసేపు చూసి, మళ్లీ కిటికీలోంచి చెయ్యి పెట్టి, చోక్ పిడి పక్కన ఉంచింది. పైన డాబా మీద ఆమె చీర ఒక కొసన క్లిప్పు లేక, సముద్రపు గాలికి ఎగురుతూనే ఉంది.