ఇనుప కడ్డీకి నీళ్లు

మా హొరేస్ బ్రేత్‌వైట్ ఇనుప కడ్డీకి నీళ్లు పోస్తాడు. అప్పుడప్పుడూ కాదు, రోజూ. ఎడ్నా సట్‌క్లిఫ్ పెరట్లో కరెంటు ఎర్త్ కోసం భూమిలోకి దిగ్గొట్టిన కడ్డీ అది. పొద్దున నాలుగు క్యాన్లు, సాయంత్రం నాలుగు క్యాన్లు. మా యార్క్‌షైర్ ఊళ్లో తిక్క మనుషులకు కొదవ లేదు. పావురాలకు పాటలు పాడేవాడున్నాడు, షెడ్డులో కాపురం పెట్టి ఇంటికి చుట్టపు చూపుగా వెళ్లేవాడున్నాడు. కానీ ఇనుముకు దాహం వేస్తుందన్నవాడు ఈయనొక్కడే.

"కడ్డీ మొలకెత్తిందా, హొరేస్?" అని పబ్బులో ఎవరో ఒకరు అడుగుతారు.

"ఇంకా లేదు. వేరు పట్టింది," అంటాడు ఆయన, బీరు నురగ మీసానికి అంటించుకుని.

కరెంటు పనిలోంచి రిటైరైనా కరెంటు ఆయన్ని వదల్లేదు. ఎదురైతే బాగున్నావా అనడు, "నీ ఎర్త్ ఎలా ఉంది?" అంటాడు. మా చెల్లెలి పెళ్లిలో అందరూ పెళ్లికూతుర్ని చూస్తుంటే ఈయన డేరా వెనక మోకాళ్ల మీద పాకుతూ, వైరు ఎటు పోయిందో చూశాడు. ఒక అంత్యక్రియల్లో అయితే, పెట్టె గోతిలోకి దిగుతుండగా నా చెవిలో, "ఎర్త్‌కి ఎంత మంచి తడినేలోయ్! వృథా అయిపోతోంది," అన్నాడు. నవ్వు ఆపుకోలేక నా భుజాలు కదిలిపోయాయి. పాపం ఎంత ఏడుస్తున్నాడో అని ఒకావిడ నాకు రుమాలిచ్చింది.

నా షెడ్డు చూసిన రోజున ఆయన ముఖం పాలిపోయింది. వంటింటి కిటికీలోంచి వైరు లాగి, బట్టల తీగ మీదుగా షెడ్డుకు తెచ్చుకున్నాన్నేను.

"ఏమిటిది?"

"కరెంటు, పెద్దాయనా."

"కాదు. చావు. ఇంకా వచ్చి దిగలేదంతే."

అడక్కుండానే పార పట్టాడు. కాలువ తవ్వి, ఇనుప కవచం ఉన్న కేబులు పాతాడు. "ఇంటి ఎర్తుని షెడ్డుదాకా లాక్కురాకూడదోయ్. నేల మీద కూర్చున్న షెడ్డుకి దాని కడ్డీ దానికుండాలి. ఏ వైరైనా తేడా చేసిందా, నువ్వు కెవ్వుమనేలోగా ఈ బ్రేకరు కరెంటు తెంచేస్తుంది!" అంటూ తన మీటర్లూ గీటర్లూ పెట్టి చూశాక, బ్రేకరు మీదున్న పరీక్ష బొత్తాం నొక్కాడు. టక్! దీపం ఆరిపోయింది. "చూశావా! చూశావా!" అని చీకట్లో చప్పట్లు కొట్టాడు.

ఆ ఏడు వసంతం మొదట్లో, ఇంకా కరగని మంచు మీద జారిపడి ఎడ్నాకు తుంటి విరిగింది. ఆవిడ షెడ్డుకూ కిటికీలోంచి వైరే. హొరేస్ వెళ్లి అదీ బాగుచేశాడు. నా కడ్డీ షెడ్డు గోడ పక్కన కొట్టిన మనిషి, ఆవిడ కడ్డీని మాత్రం తీసుకెళ్లి గుమ్మడిపాదు నడిమధ్యన దిగ్గొట్టాడు.

"నా పాదులో మేకు కొడతావా, ముసలాడా!" అని ఎడ్నా చేతికర్ర ఎత్తింది.

"మట్టి ఇక్కడే బాగుంది."

"బాగుండక చస్తుందా? ముప్పయ్యేళ్లుగా పేడ వేసి పెంచాను!"

ఆ ముప్పయ్యేళ్లూ ఊరి తోటల పోటీలో ఎడ్నా గుమ్మడికాయకు రెండో బహుమతే. మొదటిది డెస్మండ్ పికిల్స్‌ది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ మొదటి బహుమతి ఎర్రకార్డు గెలవాలని ఆవిడ పంతం. ఈసారి కాయ అందుకు తగ్గట్టే ఊరుతోంది. ఇంతలో ఎండలు దంచేశాయి, నీటి కొరతని ఊళ్లో ఎవరూ గొట్టాలతో నీళ్లు పెట్టకూడదన్నారు. కర్ర పట్టుకున్న మనిషి క్యానెలా మోస్తుంది? నేను పోస్తానన్నాను.

"నీ చేయి పడితే పోటీలోంచి తీసేస్తారు నాయనా. ఎవరి కాయ వాళ్లే పెంచాలి. వాళ్లు తీసెయ్యకపోయినా నీ చేయి పడనివ్వను," అంది.

సరిగ్గా అప్పుడే హొరేస్ కడ్డీకి దాహం మొదలైంది.

పోటీకి ముందు పెరళ్లు చూడ్డానికి పికిల్స్ వచ్చాడు. పోటీదారూ ఆయనే, పోటీ నడిపే సంఘం పెద్దా ఆయనే. పాదులో హొరేస్, చేతిలో క్యాను. ఎడ్నా కర్ర మీద చెయ్యి బిగించింది.

"గుమ్మడికాయకి నీళ్లెవరు పోస్తున్నారు?" అన్నాడు పికిల్స్.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, హొరేస్ క్యానును వీపు వెనక్కి దాచాడు. అది కాస్తా బూట్లలోకి ఒలికింది.

"గుమ్మడికాయా? ఏ గుమ్మడికాయ?" అన్నాడు, మోకాలెత్తు కాయకు ఆనుకుని నిలబడి. "నేను ఎర్త్ తడుపుతున్నాను. మట్టి ఎండితే ఎర్త్ తగ్గుతుంది. రేపు షెడ్డులో కెటిల్ షాక్ కొడితే పూచీ నీదా, డెస్మండ్? కాగితం మీద రాసి సంతకం పెడతావా?"

సంతకం అనేసరికి పికిల్స్ రెండడుగులు వెనక్కి వేశాడు. "కాయని ముట్టుకోకు మరి!"

"ముట్టుకోవడమా? నాకు గుమ్మడికాయ అంటేనే పడదు."

పికిల్స్ వెళ్లాక నాకు ఉక్రోషం వచ్చింది. "నా కడ్డీకి చుక్క నీళ్లు పోశావా ఎప్పుడైనా? నా కెటిల్ షాక్ కొట్టదా?"

"నీ కడ్డీకెందుకోయ్? ఎనిమిదడుగులు దిగింది. అడుగున బంకమట్టి, ఏడాదంతా తడే."

"మరి ఎడ్నా పెరట్లో అడుగునేముంది?"

"అదే బంక..." అని టక్కున ఆగిపోయాడు. బ్రేకరు కూడా అంత త్వరగా తెంచదు. నన్ను చూశాడు, కాయను చూశాడు, చెవులు ఎర్రబడ్డాయి. "అరవకు!" అన్నాడు. అరవలేదు కానీ, ఆ పెద్దాయన్ని అక్కడే కౌగిలించుకోవాలనిపించింది నాకు.

పోటీ రోజున కాయను నలుగురం కలిసి కాటా మీదికి ఎక్కించాం. ముల్లు పికిల్స్ కాయను దాటి ఇంకా వెళ్తూనే ఉంది! నేను అరిచిన అరుపుకు బ్యాండువాళ్లు వాయిద్యం ఆపేశారు. ఎడ్నా మాత్రం ఎర్రకార్డు అందుకుని, తిన్నగా ఇంటికెళ్లి, పాదులోకి దిగి, దాన్ని దారంతో కడ్డీకి కట్టింది.

"ఇదిగో, ముసలాడా. మొలకెత్తలేదని పబ్బులో అందరికీ చెబుతున్నావట. కాసిందిగా!"

హొరేస్ క్యాను అందుకున్నాడు. అప్పటికే వాన మొదలైంది.

"వాన పడుతోంది కదా, పెద్దాయనా," అన్నాను.

"పడనీ. వానకేం తెలుసోయ్ ఎర్త్ సంగతి," అంటూ పోశాడు.