బావ సైకిలుకు నేను వేసిన టైరు

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను పట్టుకుని నా పక్కన కూలబడి, సైకిలు టైర్ల బొమ్మలు చూపిస్తూ ఇందులో ఏది తీసుకోమంటావు తాతా అని అడిగింది. దానికి రెండు సైకిళ్ళున్నాయి, ఒకటి రోడ్డు మీద పందాలకు, ఇంకొకటి బురదలోనూ గట్ల మీదా పడి తొక్కే పందాలకు. రెండింటికీ ముల్లు దిగని టైర్లు కావాలట, లోపల గట్టి పొర ఉన్నవి, లేనివి, దళసరివి, పలచనివి అంటూ వేలితో ఒకదాని తర్వాత ఒకటి తోసుకుంటూ పోయింది. ఒకప్పుడు విజయనగరంలో సైకిలు షాపు పెట్టుకుని బతికిన తాతకంటే బాగా చెప్పేవాళ్ళెవరుంటారని దాని నమ్మకం. నాకు తెలీదు, అమ్మేవాణ్ణే అడుగు అని విసురుగా అనేసి వరండాలోకి వచ్చేశాను. అది బిత్తరపోయింది, పాపం. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి ఇది. నా ఈడువాళ్ళు మీరైతే అర్థం చేసుకుంటారనో, మీకూ నాకూ ఎదురుపడే అవసరం ఎలాగూ లేదనో, ఇప్పుడు చెబుతున్నాను.

అరవైల చివరి రోజులవి. నాకు పాతికేళ్ళు నిండలేదు గానీ షాపు నాది, పొగరూ నాదే. ఆ కాలంలో మా వైపు తారు పోసిన దారి కంటే పోయని దారే ఎక్కువ, దానికి రెండు పక్కలా తుమ్మలు, కింద పల్లేరుకాయలు. వారానికి నాలుగు పంక్చర్లు కాని సైకిలు ఉండేది కాదు. అందుకని మేమొక పని చేసేవాళ్ళం: అరిగిపోయిన పాత టైరు తీసుకుని, అంచుల్లోని తీగలు రెండూ కోసి పారేసి, మిగిలిన పట్టీని కొత్త టైరు లోపల పరిచి, దాని మీద ట్యూబు వేసి గాలి కొట్టేవాళ్ళం. ముల్లు రెండు టైర్లు దాటుకుని రావాలన్నమాట. ఈ పనిలో నాకు పేరుండేది. కళింగపట్నం నుంచి చేపల బుట్టలు మోసేవాళ్ళూ, పొందూరు ఖద్దరు మూటలు వేసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళూ కూడా ఇటు వచ్చినప్పుడు నా షాపు వెతుక్కుంటూ వచ్చి పట్టీ వేయించుకుని పోయేవారు. వాళ్ళంతా బరువు మీద, బండి ఎద్దు నడకలో తొక్కేవాళ్ళని అప్పుడు నాకు తట్టలేదు.

మా అక్క మొగుడు దగ్గర్లోని జనపనార మిల్లులో బదిలీ కూలీ. బదిలీ అంటే రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి, ఎవడైనా పనికి రాకపోతే వాడి బదులు లోపలికి పిలుస్తారు, అందరూ వస్తే ఇంటికి పొమ్మంటారు. అలా ఆరేళ్ళు నిలబడ్డాడు. ఇంక లాభం లేదు, కలకత్తా వైపు మిల్లులకు పోతానని అంటూ ఉండేవాడు, అక్క ఏడ్చి ఆపుతూ ఉండేది. మిల్లు పెద్దదొరకు ఆటలంటే పిచ్చి. ఏటా ఒక సైకిలు పందెం పెట్టి, గెలిచినవాడికి పర్మనెంటు ఉద్యోగం ఇచ్చేవాడు. మిల్లు గేటు నుంచి భోగాపురం దాకా రోడ్డు మీద పోవాలి, వచ్చేటప్పుడు సరుగుడు తోటల్లోంచి, పొలాల గట్ల మీద నుంచి, కాలువ దగ్గర సైకిలు భుజాన వేసుకుని దాటి, చివరి రెండు మైళ్ళకు మళ్ళీ రోడ్డెక్కాలి. మా బావ తొక్కితే ఆ చుట్టుపక్కల పట్టుకునేవాడు లేడు. ఆ ఏడాది ఆ ఉద్యోగం మా ఇంటిదేనని అక్క అప్పుడే ఇరుగుపొరుగుతో అనేసింది కూడా.

ఇక టైర్ల దగ్గర బావకూ నాకూ పేచీ వచ్చింది. రోడ్డుకు పలచని టైరు బాగుంటుంది, తోటల్లో దానికి ముల్లు దిగుతుంది. దళసరిది వేస్తే ముల్లు దిగదు గానీ రోడ్డు మీద కాళ్ళు పీకేస్తాయి. బావ పలచనిదే చాలన్నాడు. పలచనిదే వేసి లోపల పట్టీ పెడతానన్నాను నేను.

"ఒరే బావమర్దీ, పట్టీ గిట్టీ ఏటీ వొద్దురా. ముళ్ళుంటే సూసుకుని తొక్కుతాను" అన్నాడు.

"నీకేటి తెలుసు బావా. ముల్లు నీకు సెప్పి వస్తాదేటి?" అన్నాను.

అక్క నా పక్కే మాట్లాడింది. తమ్ముడి పనంటే దానికి అంత గురి. బావ నవ్వి సరేనన్నాడు. నేను ఒక మధ్యాహ్నమంతా కూర్చుని మెత్తని పాత టైరు ఎంచి, పట్టీ కోసి, కొసలు రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చే చోట కత్తితో పలచగా చెక్కి, సుద్దపొడి చల్లి మరీ వేశాను. అంత ఒద్దికగా నా జన్మలో ఇంకో టైరు వేయలేదు.

పందెం నాడు రోడ్డు మలుపులో నిలబడి ఎదురుచూస్తున్నాను. తోటల వైపు నుంచి వచ్చినవాళ్ళు మా బావే ముందున్నాడని, వెనకవాడు కనుచూపు మేరలో లేడని చెప్పారు. అక్క పూలదండ పట్టుకుని గేటు దగ్గరుంది. ముందుగా ఎవడో నెల్లిమర్ల కుర్రాడు వచ్చాడు. తర్వాత ఇంకో ఇద్దరు. ఆ తర్వాత చాలాసేపటికి బావ సైకిలు భుజాన మోసుకుంటూ నడిచి వచ్చాడు. ముళ్ళ దారంతా దాటి, రోడ్డెక్కి అర మైలు పోయాక వెనక చక్రం కూర్చుండిపోయిందట.

సైకిలు షాపుకు తెచ్చి ట్యూబు విప్పి నీళ్ళ తొట్టెలో ముంచాను. టైరు లోపలా బయటా చెయ్యి పెట్టి తడిమాను, ఒక్క ముల్లు లేదు. ట్యూబుకు గుచ్చుకున్న చిల్లు కూడా లేదు. పట్టీ కొసలు కలిసిన చోట ట్యూబు గీసినట్టు పొడుగ్గా తెగింది. అంత వేగానికి పట్టీ వేడెక్కి, జరిగి, దాని కొస ట్యూబును రాసి రాసి కోసేసింది. పట్టీ లేకపోతే బావ గెలిచేవాడు.

బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏటిరా, ముల్లేనా?" అని అడిగాడు.

"ముల్లే బావా" అన్నాను.

"నువ్వు సెయ్యాల్సింది సేసినావు. ముల్లుకి ఎవులేటి సేస్తారు" అని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అక్కడితో అయిపోతే ఈ గోడు మీకు చెప్పకపోదును. వచ్చే ఏడాది మళ్ళీ తొక్కు, ఒక్క ఏడాది ఆగు అని అక్క కాళ్ళావేళ్ళా పడింది. నీ తమ్ముడు అంత కట్టుదిట్టంగా వేసినా ముల్లు దిగిందంటే ఆ దారిలో ఏ ఏడు తొక్కినా ఇంతే, మన రాత ఇదే అన్నాడు బావ. నేను అక్కడే ఉన్నాను. పట్టీ తీసేస్తే చాలు, నువ్వే గెలుస్తావు అని ఒక్క మాట అంటే ఆగిపోయేవాడు. నా పేరు పోతుందని భయపడ్డానో, అక్క ముఖం చూడలేకపోయానో, ఆ మాట నా నోట రాలేదు. పది రోజుల్లో కలకత్తా రైలెక్కాడు. అయిదు ఉత్తరాలొచ్చాయి. ఆరోది అక్కడ బావతో పాటు మిల్లులో పనిచేసే మా ఊరివాడు రాశాడు, జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడని, దహనం కూడా అక్కడే చేసేశామని. అక్కకు అప్పటికి ముప్పై నిండలేదు.

ఆ తర్వాత అక్క మా ఇంట్లోనే ఉండిపోయింది. పొలానికి పోతూ వస్తూ దారిలో తుమ్మ మొక్క కనబడితే ఆగి కొడవలితో మొదలంటా నరికేది. ఒకరి చేలో గట్టు మీదిది కూడా నరికి వాళ్ళతో మాట పడింది. ఎందుకక్కా అని అడిగితే, "నా ఇంటిదీపం ఆర్పింది ఇదేరా" అనేది. పక్కనే నడుస్తూ నేను నరికిన కొమ్మలు దారికి అడ్డంగా లేకుండా లాగి అవతల పడేసేవాణ్ణి. నలభై ఏళ్ళు ఆ పని చేశాను గానీ నోరు విప్పలేదు.

ఇప్పుడు భోగాపురం దారి మీరు చూస్తే పోల్చుకోలేరు. విమానాశ్రయం వచ్చింది, తోటలు పోయాయి, రోడ్డు వెడల్పయింది. జనపనార మిల్లుకు తాళం పడి ఎన్నేళ్ళయిందో లెక్క లేదు. మంచి టైర్లు వచ్చాయి, మంచి దారులు వచ్చాయి, మనవరాలి చక్రం కింద ముల్లు పడినా దానికి పోయేదేమీ లేదు. మారనిది నా గుండెలో ఉన్న ఈ బరువొక్కటే. అక్క పోయే ముందు మాట సరిగా రాని స్థితిలో నా చెయ్యి పట్టుకుని, "మీ బావ కోసం ఆ రోజు నువ్వు పడ్డ కష్టం ఎవులు పడతార్రా" అంది. చెబుదామని నోరు తెరిచాను. మంచినీళ్ళు కావాలా అక్కా అని అడిగాను.