కర్రోడి ఎడమ కన్ను

ఈ ఉదయం తెగిన వేలికి టింక్చరు రాసుకుంటుంటే, ఆ వాసనకు మా మంద కుక్క కర్రోడు గుర్తుకు వచ్చాడు.

దొనకొండ దాపున మా గొర్రెలకు వాడే కాపలా. నా చిన్నప్పుడు ఒక ఏడు వాడి ఎడమ కన్ను ఉబ్బి బయటికి పొడుచుకువచ్చింది. కంట్లో తెల్లగా పువ్వు వేసిందనుకుని మా నాయన ఆకుపసరు పిండాడు, తగ్గలేదు. అవ్వ వాణ్ణి బండిలో వేసుకుని, నన్నూ వెంటబెట్టుకుని మార్కాపురం పశువుల ఆసుపత్రికి వెళ్ళింది.

మద్రాసులో చదివివచ్చిన డాక్టరు రెప్ప ఎత్తి, దీపం పెట్టి చూశాడు.

“పువ్వు కాదవ్వా, లోపల గడ్డ లేచింది. కన్ను తీసేస్తే బతుకుతాడు.”

“తీసెయ్ నాయనా. కుక్క నాకు కావాల.”

ఇంటికి తెచ్చాక నాయన నవ్వాడు.

“ఒంటికన్నోడు తోడేలును ఏం చూస్తాడమ్మా?”

“నీకు రెండుండీ పువ్వేందో గడ్డేందో తెలీలేదు గదరా!”

రోజూ టింక్చరు రాయగా గాయం మానాక, ఎప్పుడూ మందకు ఎడమవైపు నడిచే కర్రోణ్ణి అవ్వ తాడు పట్టి కుడివైపు నడిపించసాగింది. వాడు పాత చోటికి మళ్ళితే మళ్ళీ లాక్కొచ్చేది. కుట్లు పడిన ముఖం జనానికి కనబడకుండా గొర్రెలవైపు దాస్తున్నదనుకుని, నేను అవ్వతో మాటలు మానేశాను.

ఒక సాయంత్రం కుడివైపు పొదల్లో తోడేలు కదిలింది. మేమెవరం చూడకముందే కర్రోడు దాని మీదికి ఉరికి తరిమేశాడు. వాడి మంచి కన్ను బయటివైపు ఉండాలనే అవ్వ అంత పట్టుబట్టిందని అప్పుడు తెలిసింది.

వాడు వదిలిన ఎడమవైపున, కర్ర పట్టుకుని ఆమే నడుస్తూ వచ్చిందన్న సంగతి మాత్రం చాలా ఏళ్ళకు గాని నాకు తట్టలేదు.