ఖాళీ కాని తరంగం

మమతారాణి యాంటెనా భుజాన వేసుకుని మంచిర్యాల చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. గాలిలో ఏ రేడియో తరంగాన్ని ఎవరూ వాడటం లేదో కనిపెడితే, ఆమె కంపెనీ దాని మీద ఇంటర్నెట్ నడుపుకుంటుంది. మీటరు ఖాళీ అని చూపించినా ఆమె నమ్మదు. చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, హెడ్‌ఫోన్‌ను అరచేత్తో అదుముకుని పూటంతా వింటుంది. మొన్న మందమర్రి అవతల అలాగే కూర్చుంటే, మధ్యాహ్నం ఒకే ఒక్కసారి బొగ్గు గని వాకీటాకీ గొంతు సన్నగా వినిపించింది: "బ్లాస్టింగ్ ఉంది, అందరు దూరం పోండ్రి!" ఆమె 'వాడుకలో ఉంది' అని రాసిచ్చింది. మేనేజర్ లింగారావు దాన్ని కొట్టేసి 'ఖాళీ' అని దిద్దాడు. "దినాం ఒక్కసారి మాట్లాడితే గదేం వాడకమమ్మా? సంతకం పెట్టు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "మన ఇంటర్నెట్ అడ్డమొచ్చి గా ఒక్క మాట ఇనవడకపోతే మనుషులు సస్తరు సార్! ఖాళీ అని మీరే సంతకం పెట్టుండ్రి," అంటూ కాగితాన్ని ఆయన ముందుకు విసిరింది. లింగారావు పెన్ను తీసి, కాసేపు కాగితం వైపు చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.