గోధుమ లేని గళ్ళట్టు

కనకం నోటి నుంచి ‘పొరపాటైంది’ అన్న మాట వినాలని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో చాలామంది ఎదురుచూశారు. కొందరు చూసి చూసి రిటైరైపోయారు. ముప్పై ఏళ్ళు ఆఫీసర్ల రెస్ట్ హౌస్‌లో వంట చేసిన మనిషి ఆవిడ. కూరలో ఉప్పెక్కువైతే అది ఉప్పు తప్పు. పాలు విరిగితే పాలవాడి తప్పు. పుడ్డింగు కూలిపోతే ఆలస్యంగా భోజనానికొచ్చిన సాహెబుగారి తప్పు.

ఆవిడకు ఇంకో గుణం కూడా ఉండేది. ఫలానాది ఎలా చేశావని ఎవరడిగినా కాదనకుండా చెప్పేది, ఒక్క దినుసు మాత్రం మింగేసేది. ఆవిడ చెప్పినట్టే వండిన ఇల్లాళ్ళు తమ చేతికి ఆ రుచి లేదని సరిపెట్టుకునేవారు. వంటవాళ్ళంతా చేసే పనే కాబట్టి కనకం దాన్ని అబద్ధాల్లో జమ కట్టలేదు.

పని మానేశాక ఆవిడ, కూతురు రాజశ్రీ వాళ్ళ క్వార్టర్‌లోనే ఉండేది. అల్లుడు గిరిబాబు లోకో షెడ్డులో ఫిట్టరు. వాళ్ళకు ఒక్కతే కూతురు, సౌభాగ్య. రెండేళ్ళు కడుపునొప్పితో పుల్లలా చిక్కిపోయాక, ఆ పిల్లకు గోధుమ పడదని ఒక పెద్ద డాక్టరు తేల్చాడు. రొట్టె, రవ్వ, మైదా, బిస్కెట్టు, రవ్వంతైనా వద్దన్నాడు.

అప్పటినుంచి సౌభాగ్య పుట్టినరోజు పిలుపులకు వెళ్ళేది, కేకు కోస్తుంటే చప్పట్లు కొట్టేది, పళ్ళెం చేతికిస్తే మాత్రం, “ఆంటీ, ఇందులో గేహూ ఉందా?” అని అడిగేది. గోధుమ ఉందంటే పళ్ళెం బల్ల మీద పెట్టేసి ఆడుకోవడానికి వెళ్ళిపోయేది. ఏడ్చేది కాదు. ఏడ్చినా బాగుండునని కనకానికి అనిపించేది.

తొంభై ఒకటి డిసెంబరులో పిల్లకు ఆరేళ్ళు నిండుతున్నాయి. ఈసారి అందరూ తినేదే అది కూడా తినాలని కనకం పట్టుబట్టింది. ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఒక గార్డు దొరసాని ఇచ్చిన ఇనుప పెనం బయటికి తీసింది. దానికి రెండు పలకలు, లోపల గళ్ళు, పొడుగు పిడి. పిండి పోసి మూసి, కుంపటి మీద అటూ ఇటూ తిప్పి కాల్చాలి. దొరలు దాన్ని వాఫిల్ అనేవారు. కాలనీ వాళ్ళు గళ్ళట్టు అన్నారు, ఆ పేరే నిలిచింది.

ఆ పెనం ముప్పై ఏళ్ళుగా మైదా తప్ప ఎరగదు. కనకం దాన్ని చింతపండూ బూడిదా పెట్టి తోమి, నిప్పుల మీద ఎర్రగా కాల్చి, మళ్ళీ తోమింది. మిల్లులో గోధుమలు ఆడతారని బియ్యం ఇంట్లోనే రోట్లో దంచింది. మొదటి అట్టు పెనానికి అతుక్కుపోయింది. రెండోది పొడిపొడిగా రాలింది. కాస్త అన్నం మెత్తగా రుబ్బి కలిపాక గాని దారికి రాలేదు. దాని మీదకు, రెస్ట్ హౌస్‌లో నిమ్మకాయ పుడ్డింగు మీద పోసే పచ్చటి సాసు. ఈసారి అందులో నాగపూర్ కమలాల రసం కూడా కలిపింది.

పుట్టినరోజునాడు ఇరవైమంది వచ్చారు. సౌభాగ్య అలవాటు ప్రకారం, “అమ్మమ్మా, గేహూ ఉందా?” అంది.

“నేదే తల్లీ. పక్కాగా నేదు. తిను.”

పిల్ల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. రాజ్‌కిశోర్ నగర్ నుంచి వచ్చిన బ్యాంకు ఆఫీసరుగారి భార్య జయలక్ష్మి ఒక ముక్క నోట్లో వేసుకుని, “సాసు ఇంత చిక్కగా ఎట్లా వచ్చింది కనకమ్మగారూ? నేను చేస్తే నీళ్ళలాగా అవుతుంది,” అంది.

కనకం ఉత్సాహంగా ఎత్తుకుంది. “ఏటుందమ్మగారూ! కమలారసం, నిమ్మరసం, పంచదార, వెన్న, గుడ్డులో పచ్చసొన...” అంటూ, దేన్ని మింగాలా అని లోపల వెతుక్కుంది. చిక్కదనానికి ఆఖరున వేసిన చెంచాడు మైదా మింగేద్దామనుకుంది.

మైదా అంటే గోధుమేనని అప్పుడు తట్టింది. పొద్దున్న ఆ డబ్బా గూట్లో మూలకు నెట్టి ఉన్నా చెయ్యి వెతికి మరీ తీసింది. బుర్రంతా అట్టుకే కాపలా కాసింది. సాసులో చెంచాడు మైదా ఆవిడకు ఎన్నడూ దినుసుగా తోచలేదు. ఇరవైమందికి పంచితే ఒక చెంచా ఏపాటి, ఎవరికి తెలుస్తుంది అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, పిల్ల నోటి దాకా వెళ్ళిన చెంచాను పట్టుకుంది.

“తినకే! ఇందల మైదా ఉంది. నానే ఏసినాను. తప్పు నాదే.”

గిరిబాబు అత్తగారిని వింతగా చూశాడు. సౌభాగ్య మాత్రం పళ్ళెం జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసింది.

“అచ్ఛా. కోయీ బాత్ నహీ, అమ్మమ్మా,” అని ఆడుకోవడానికి లేచింది.

అంతమంది ముందు పోయిన పరువు కనకాన్ని ఏమీ చెయ్యలేదు. ఫరవాలేదన్న ఈ మాట పొడిచేసింది.

“కూకో! ఎక్కడికీ ఎల్లకు,” అని పిల్లను కుర్చీలో కూలేసింది. తరవాత అందరి చేతుల్లోంచీ పళ్ళాలు లాక్కుంది. జయలక్ష్మి చేతిలోని సగం కొరికిన ముక్క కూడా వదల్లేదు. “ముందు మా పిల్ల తింటాది. అంతదాకా ఎవులూ ముట్టకండి.”

ఎవరూ కాదనలేదు. కొత్త గిన్నెలో, కొత్త గరిటెతో, బియ్యప్పిండి వేసి మళ్ళీ సాసు కాచింది. ఉండలు కట్టింది. మిగిలిన పిండితో గళ్ళట్లు కాల్చింది. ముప్పావుగంట పట్టింది. పిల్లలు ఆకలని గోల పెట్టారు, పెద్దవాళ్ళు గడియారం చూసుకున్నారు.

సౌభాగ్య అందరికంటే ముందు తింది. ఇరవైమంది నిలబడి చూస్తుంటే, గళ్ళలో నిలిచిన సాసు వేలితో తీసి మరీ నాకింది. పళ్ళెం ఖాళీ చేసి ముందుకు చాపింది.

“అమ్మమ్మా, ఇంకొకటి.”

ఆ పిల్ల ఇంతవరకు ఏ విందులోనూ ఆ మాట అనలేదు. కనకానికి ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చింది. ఏడుస్తూనే వడ్డించింది.