డబ్బా మీద ఆర్-2

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. హాస్టల్లో ఆ కబుర్లు మొదలైతే దుప్పటి తీసుకుని పక్క గదికి పోయేదాన్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను, నా ఖర్మ.

షికాగో పక్కన నేపర్‌విల్‌లో పాత ఫిల్ములు స్కాన్ చేసే చిన్న ల్యాబ్‌లో పనిచేస్తాను. పోయిన వేసవిలో ఎనభై దాటిన ఒక అమెరికన్ పెద్దావిడ తుప్పు పట్టిన రేకు డబ్బా తెచ్చింది. వాళ్ళమ్మ హాలీవుడ్‌లో ఒకే ఒక్క సినిమాలో నటించిందట. స్టూడియో పెద్దలకు ఆమె నచ్చలేదు. ఆమె ఉన్న సీనంతా కోయించి, నెగెటివ్ తగలబెట్టించారు. ఎడిటర్ జాలిపడి ఈ ఒక్క ముక్క దాచి ఇచ్చాడట.

పెద్దావిడకు రెండేళ్ళప్పుడే తల్లి పోయింది. మిగిలినవి రెండు ఫొటోలు. తన చూపు పూర్తిగా పోయేలోపు, అమ్మ నడుస్తుంటే ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక.

డబ్బా మీద పెన్సిల్‌తో ‘ఆర్-2’ అని ఉంది. రెండో రీలు అనుకున్నాను. ఫిల్ము అప్పడంలా పెళుసుగా ఉంది. మిట్టమధ్యాహ్నం, ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని స్కానర్‌లో నడిపాను.

ఒక తలుపు. తెల్ల గౌను వేసుకున్న స్త్రీ లోపలికొచ్చి, జుట్టు చెవి వెనక్కి తోసుకుని నవ్వింది. పదకొండు సెకన్లు. సౌండ్ లేదు. ఫొటోల్లోని మనిషే. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. స్కానర్ అక్కడే ఆపేశాను.

ఆవిడ వెళ్ళాక మా కొలీగ్ హారిక మిగతా ఫిల్ము చుడుతూ నన్ను కేకేసింది. చివర్న తలకిందులుగా క్లాప్ బోర్డు, దాని మీద ‘రీటేక్ 2, నటి లేకుండా’ అని ఉంది.

“ఏయ్, ఆర్ అంటే రీల్ కాదే, రీటేక్! ఆమెను తీసేసినంక మళ్లా తీసిండ్రు ఇది. ఇండ్ల ఆమె ఎట్లుంటది?”

ఫైల్ తెరిచాం. పదకొండు సెకన్లూ ఖాళీ తలుపే. ఫిల్మును లైటు మీద పరిచి, భూతద్దంతో ఒక్కో ఫ్రేమూ చూశాం. ఎవరూ లేరు.

దెయ్యం సంగతి అటుంచితే, ఆవిడకు ఏం చెప్పాలన్నదే నా భయం. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఉన్నదున్నట్టు మెయిల్ రాసి, క్షమించమని ఫైల్ పంపేశాను.

వారం తర్వాత ఫోన్ చేసింది. పొరబడింది నువ్వేనని, అమ్మ అందులోనే ఉందని నవ్వింది. వీడియో రోజూ చూస్తోందట. నిన్నటి నుంచి అమ్మ నవ్వాక ఏదో అంటోందని, పెదవుల కదలిక చూస్తే తన పేరేనని చెప్పింది.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నా కాపీ తెరిచాను. తలుపు ఒక్కటే ఉంది. ఆ రోజు నేను చూసిందేమిటో ఇవాళ్టికీ నాకు అంతుపట్టలేదు.

మెయిల్ బాగా రాశావని కూడా మెచ్చుకుంది. మనవరాలు చదివి వినిపించిందట. తన చూపు పూర్తిగా పోయి నాలుగు రోజులైందట.